భవానీప్రసాద్ మూర

"పెనుగంచిప్రోలు ఆటో ఉందా?"

"తిరునాళ్ళకే ఉంటుందండీ."

కోడ్ సరిపోయింది. నందిగామలో మూతబడిన ప్రింటింగ్ ప్రెస్ తలుపు తెరుచుకుంది. మిరపకాయల బ్రోకరు వేషంలో ఉన్న ఏజెంట్ దత్తాత్రేయ రెండుసార్లు తుమ్మి లోపలికెళ్ళాడు. 1996 ఏప్రిల్ మధ్యాహ్నం, ఎండ పేల్చేస్తోంది. లోపల చీఫ్ ఉమాకాంతం బనీనుతో కూర్చుని విసురుకుంటున్నాడు.

"భవానీప్రసాద్ దొరికాడు."

"మంచి వార్తేగా సార్!"

"సైనైడ్ కొరికి చచ్చాడయ్యా."

భవానీప్రసాద్ పైకి పత్తి వ్యాపారి, లోపల శత్రుదేశపు ముఠాకి ఇక్కడి పెద్ద. దత్తాత్రేయ అడిగాడు, "మరి మనోజ్ఞ?"

"ఆమె మన మనిషని, డబుల్ ఏజెంటని పసిగట్టాడు. జగ్గయ్యపేట గోడౌన్‌లో బాంబు పక్కన కట్టేసి పారిపోతూ ఇక్కడ చిక్కాడు. ముఠా మనుషులందరి ఫొటోలున్న మైక్రోఫిల్మ్ ఆమె చెవికమ్మలోనే ఉంది." చీఫ్ ఓ పెళ్ళికార్డు విసిరాడు. "ఇది వాడి జేబులో దొరికింది. బాంబు విప్పే చోటు వాళ్ళ మనుషులకి ఇలాగే చెబుతారు. అడుగున బంగారు గీత కొలిచి చూడు."

దత్తాత్రేయ పెన్ను విప్పాడు. లోపల అచ్చాఫీసు స్కేలు. "నాలుగువందల ముప్పై రెండు పాయింట్లు. అంటే ఆరు ఇంచీలు."

"ఇంచీలు మర్చిపో. వాళ్ళది పాతకాలపు అంగుళం, ముప్పావు ఇంచి. యాభై నాలుగు పాయింట్లు."

"అయితే ఎనిమిది అంగుళాలు."

"కార్డు మీద అంగుళం, వైరు మీద మూర. బాంబు నుంచి ఎనిమిది మూరల దగ్గర కత్తిరించాలి. నాలుగువేళ్ళు తేడా వస్తే ఇద్దరూ గాల్లోకే. మన మాన్యువల్ ప్రకారం మూరంటే పద్దెనిమిది ఇంచీలు, అచ్చు కొలతలో నూట ఎనిమిది పైకాలు. పరిగెత్తు!"

గోడౌన్‌లో పట్టుచీర, లిప్‌స్టిక్, నల్లకళ్ళద్దాలతో మనోజ్ఞ ఇనుప స్తంభానికి గొలుసులతో బిగించి ఉంది. కాళ్ళ దగ్గర బాంబు. దాన్నుంచి బయల్దేరిన నల్లవైరు పత్తిబేళ్ళ మీదుగా పాకుతూ పోయింది. టైమర్లో ఇంకా ఆరు నిమిషాలు.

దత్తాత్రేయ స్కేలుతో కొలిచి సున్నంతో గుర్తు పెట్టాడు. కటింగ్ ప్లయర్ తీశాడు.

"ఆగండి బాబూ! దేంతో కొలిచారు?"

"మాన్యువల్ మూరతో."

"మాన్యువలొచ్చి కట్టిందా ఈ బాంబు? వాడు మోచేత్తో కొలుచుకుంటూ పోయాడండీ. నా కళ్ళారా చూశా!"

దత్తాత్రేయ ప్లయర్ కింద పెట్టాడు. తన మోచేత్తో కొలిచాడు. గుర్తు ఇంకో చోట పడింది. మళ్ళీ కొలిస్తే మరో చోట. చచ్చినవాడి చెయ్యేమో నందిగామ మార్చురీలో గుడ్డ కప్పుకుని హాయిగా పడుకునుంది. వైరు నిండా ఒకటే నల్లటేపు, కత్తిరించాల్సిన ముడి ఎక్కడో ఆ దేవుడికే తెలియాలి. గొలుసు లాగి చూశాడు, కదల్లేదు. పాయింట్లు, పైకాలు, అంగుళాలు అన్నీ నోటికొచ్చు. ఏం లాభం? ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు.

"మీరెళ్ళిపోండి," అంది మనోజ్ఞ. "కమ్మ తీసుకుని పోండి."

"పోను."

"మొండిపట్టు పట్టకండి. ఒక్కరైనా బతకాలిగా!" "పీనాసి వెధవండీ వాడు. పొద్దున నాకు పూలు కొనిస్తూ కూడా బస్టాండు దగ్గర పూలమ్మే ఆదెమ్మతో తగువే. నీ మూర పొట్టిదని ఆమెని తిట్టి, తన మోచేత్తో మూర కొలిచి తెంపించాడు. ఆఖరికి ఆ పూలతోనే పోతున్నా."

"ఏ పూలు?"

"జడలోవి... అయ్యో రామ!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దత్తాత్రేయ ఆమె జడలోంచి పిన్నులు లాగాడు. మల్లెలు వాడిపోయాయి కానీ దారం ఎక్కడికి పోతుంది? బాంబు నుంచి వైరు వెంట దండ పరిచాడు. ఒకటి, రెండు... టైమర్ గబగబా కీచుమంటోంది. ఎనిమిదో మూర తన సున్నపు గుర్తులన్నీ దాటి బేలు అంచు మీద ఆగింది. కళ్ళు మూసుకుని కత్తిరించాడు.

నిశ్శబ్దం. టైమర్ ఒకటి దగ్గర ఆగిపోయింది.

సాయంత్రం గొలుసు కోశాక స్కేలుతో దండని కొలిచాడు. నూట ఇరవై పైకాలు, ఇరవై ఇంచీలు. పొడుగు చెయ్యి, దొంగచెయ్యి!

బస్టాండు దగ్గర మనోజ్ఞ ఆగింది. "నా పూలు పాడుచేశారు. కొనివ్వండి."

ఆదెమ్మ తన మోచేత్తో మూర కొలిచింది, చిన్నపిల్ల చెయ్యంత ఉంది. మామూలు రోజైతే దత్తాత్రేయ గొడవపడేవాడే. ఇవాళ కిక్కురుమనకుండా రెండు మూరలు తీసుకున్నాడు.