విమానం అద్దానికి నీలిరంగు

రంగు కాగులోంచి తనూజ కర్రతో పైకి తీసింది బొమ్మ విమానం అద్దాన్ని కాదు, ముడుచుకుపోయిన ప్లాస్టిక్ ముద్దను.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కర్రను విసిరికొట్టింది. "అంతా నీవల్లే అవ్వా. కాగు ఇంతగా మసలుతాందని చెప్పొద్దా?" అని అరిచింది.

నేతగాళ్లకు నూలు రంగులద్దే సోమక్క అవ్వ తన వాకిట్లో, చుట్టలుగా కట్టిన నూలు చిలపలు ఆరేస్తూ ఇటు తిరిగింది. "ముందు ఒక ముక్క ముంచి చూడమంటి కదమ్మీ. నూలైనా మేము అట్లనే చేస్తాం" అంది.

ఆ మాట నిజమే. నిజం కాబట్టే తనూజ కోపం రెండింతలైంది. నేతగాళ్ల ఇంట్లో పుట్టి, రంగు గురించి ఒకరితో చెప్పించుకోవాలా అనుకుని అప్పుడు ఆ మాట పెడచెవిన పెట్టింది.

పైగా ఆ అద్దం ఆమె చేసింది కాదు. రేపు స్కూల్లో సైన్స్ ఫెయిర్. తనూ, తన క్లాసు ఈరేషూ కలిసి చేసిన విమానంలో రెక్కలు తనూజవి, పైలట్ బొమ్మ మీద బోర్లించే అద్దం ఈరేష్‌ది. వాళ్లన్న సెల్‌ఫోన్ షాపులోని వేడిగాలి మెషిన్‌ను బతిమాలి తెచ్చుకుని, నీళ్ల బాటిల్‌ను మట్టి అచ్చు మీద వంచడం నేర్చుకోవడానికి వాడికి మూడు ఆదివారాలు పట్టింది. లేత నీలం రంగు నేనేస్తానని గొప్పగా తెచ్చుకుంది తనూజే.

అంతలో ఈరేష్ రానే వచ్చాడు. "యాడుండాది అద్దం?"

ముద్దను చూడగానే వాడి ముఖం మాడిపోయింది. "ఎవరు చేసినారు?"

"అవ్వ" అంది తనూజ. "మసిలే రంగులో వేసేసింది."

ఈరేష్ పిడికిళ్లు బిగించాడు. పెద్దామెను ఏమనగలడు? కళ్లలో నీళ్లు తిరుగుతుంటే గబగబా వెళ్లిపోయాడు.

అవ్వకు అంతా వినబడింది. చిలపను దులిపి దండెం మీద వేసి, ఇంకోటి తీసుకుంది.

తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి అరవడానికి ఏమీ దొరకక తనూజ వాకిట్లో కాసేపు రుసరుసలాడింది. కోపమంతా తిరిగి తిరిగి తన మీదికే వచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

"ఈరేష్, ఆగు. అవ్వ కాదు, నేనే ముంచినా. ముక్క ముంచి చూడమని అవ్వ చెప్పింది. నేను వినలా."

"మళ్లా అబద్ధం గూడా చెప్తివా?" వాడు ముఖం తిప్పుకున్నాడు. "నీతో మాట్లాడను పో."

"మాట్లాడొద్దు. అచ్చు ఉండాది కదా, ఇంకోటి చెయ్యి. ఈసారి చూడకుండా ముట్టుకోను."

సాయంత్రం ఈరేష్ వచ్చాడు. కొత్త అద్దాన్ని, మిగిలిన బాటిల్ ముక్కల్ని గట్టు మీద పెట్టి దూరంగా నిలబడ్డాడు.

తనూజ అద్దం జోలికి పోలేదు. ఒక ముక్కను చల్లారిన రంగులో ముంచింది. రంగు పట్టకుండా జారిపోయింది. ఆమెకు మళ్లీ చిర్రెత్తుకొచ్చింది. ఈసారి కర్ర విసరలేదు. తెల్ల జిగురులో చిటికెడు రంగు కలిపి, ఇంకో ముక్కకు పలచగా పూసింది. నిలిచింది.

ఆ ముక్కను అవ్వ దగ్గరికి తీసుకెళ్లింది. "నేనే ముంచినానని ఈరేష్‌కు చెప్పేసినా అవ్వా. ఈ రంగు సరిపోతాదా?"

అవ్వ ముక్కను వెలుతురుకు పెట్టి చూసింది. "ఆరనీ అమ్మీ. తడిమీద ఏం తెలుస్తాది?"

తనూజ ముక్కను గట్టు మీద పెట్టి పక్కనే కూర్చుంది. ఈరేష్ ఇంకా మాట్లాడలేదు. వచ్చి అవతలి పక్క కూర్చుని, ముక్క మీద ఈగలు వాలకుండా అట్టతో విసరసాగాడు.