పదకొండు గంటలకు పోయే లైన్

"ఇంకొక్కసారి లైన్ పోయిందంటే నా ఉద్యోగం ఊడిపోతుందండీ!"

వచ్చినావిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిసంచీ పట్టీని మెలిపెడుతూ నిలబడే ఉంది. డిటెక్టివ్ మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఒకప్పుడు బడిలో డ్రాయింగు చెప్పిన మనిషి కనుక, ఈ వృత్తిలోకి వచ్చాక కూడా అందరికీ మాస్టారే. పక్కనే నోటుపుస్తకంతో ఆయన అసిస్టెంటు గుమాస్తా. మాస్టారంటే గుమాస్తాకు ప్రాణం. అంత బుర్ర తనకెందుకు లేదన్న కుళ్ళు కూడా ఆ ప్రాణంలో ఓ పావు వంతు ఉంటుంది.

ఆవిడ ఓ రెండంతస్తుల ఇంటికి చిన్నకోడలు. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని, మేడమీద గదిలో కూర్చుని టైపు చేస్తుంది. రోజూ పదకొండింటికి పై అధికారిణితో కంప్యూటర్లోనే మీటింగు. మూడు నెలల పరీక్షాకాలం రేపటితో ముగుస్తుంది.

"మీటింగు మొదలైన ఐదు నిమిషాలకు టక్కున తెగిపోతుంది. ఈ వారంలోనే మూడుసార్లు! ఇంట్లో ఇంకెవరిదీ పోదు, నా ఒక్కదాందే."

"ఇంటికి నెట్ ఎలా వస్తుందమ్మా?"

"మా ఆయన కంప్యూటర్ రిపేర్లు చేస్తారు. షాపు మూసేసి ఆరు నెలలైంది, ఇప్పుడు కింద హాల్లోనే. తీగ ఆయన కంప్యూటర్‌కి వస్తుంది. అక్కణ్ణుంచి నాకూ, మా తోడికోడలికీ వైర్లెస్‌లో పంచుతారు."

"తెగితే బాగుచేసేదెవరు?"

"ఇంకెవరు? ఆయనే. కేకేస్తే చాలు, వచ్చి రెండు బటన్లు నొక్కుతారు, వచ్చేస్తుంది. ఆయనే లేకపోతే ఈపాటికి నా పని అయిపోయేది." ఆమె గొంతు తగ్గించింది. "ఇది మా తోడికోడలి పనేనండీ. నా జీతం చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది."

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఆ ఇంటికి వెళ్ళారు. వరండాలో పెద్దకోడలు ఇస్త్రీ చేస్తోంది. అడగ్గానే ఇస్త్రీపెట్టె ఠప్పున పక్కన పెట్టింది.

"అసూయా? ఉందండీ! ఆవిడ ఫ్యాను కింద కూర్చుని సంపాదిస్తుంటే నేను ఇంటెడు బట్టలకీ చాకిరీ చేస్తున్నా. కడుపు మండదూ? కానీ ఆ మెషీన్ల జోలికి నేను పోను. నా కంప్యూటర్లో పాత పేరు తీసేయడం కూడా మా మరిదే చేసిపెట్టాడు."

"పాత పేరంటే?"

"షాపు మూసినప్పుడు అక్కడి కంప్యూటర్ ఇంటికి తెచ్చి, కొన్నాళ్ళు దాన్నుంచే నెట్ పంచాడు. ఆ లైన్ పేరు 'షాపు'. కొత్తది కొన్నాక 'ఇల్లు' అని పెట్టాడు. పాతదాన్ని మెట్లకింద కొట్టుగదిలో పడేశాడు."

కొట్టుగదికి తాళం లేదు. ఇస్త్రీపెట్టె ఉండేదీ అక్కడే, పెద్దకోడలు దాన్ని తీసేదీ రోజూ పదకొండింటికే. గుమాస్తా కళ్ళు మెరిశాయి. మాస్టారు మాత్రం పాత కంప్యూటర్ ముందు వంగారు. దానిమీద దుమ్ము మందంగా పేరుకుంది. స్విచ్చి మీద మాత్రం లేదు.

హాల్లో చిన్నకోడలి భర్త ఎవరిదో కంప్యూటర్ విప్పుకుని కూర్చున్నాడు. మర్యాదగా లేచాడు.

"లైన్లో తేడా ఏమీ లేదండీ. గోడలు మందం, అంతే. అయినా నేనున్నాగా! మౌస్ పట్టుకోవడం కూడా నేనే నేర్పాను తనకి. ఇప్పుడు ఏ సందేహమొచ్చినా ఆఫీసులో ఎవరో సీనియర్నే అడుగుతుంది. ఇద్దరూ ఫోన్లో పగలబడి నవ్వుకుంటారు. లైన్ పోతే మాత్రం నేను కావాలి," అని తనూ నవ్వబోయాడు గానీ కుదర్లేదు.

మాస్టారు మేడమీద చిన్నకోడలి కంప్యూటర్ తెరిచి చూశారు. అది గుర్తుపెట్టుకున్న లైన్లు రెండు. పైన 'షాపు', కింద 'ఇల్లు'. ఆయన రెండు నిమిషాలు ఏదో చేసి లేచారు.

"రేపు లైన్ పోయినా పోకపోయినా ఎవర్నీ కేకెయ్యొద్దమ్మా."

దారిలో గుమాస్తా ఆగలేకపోయాడు. "పెద్దకోడలే సార్! పదకొండింటికి కొట్టుగదిలో ఉండేది ఆవిడే."

"అయితే రేపు ఆవిణ్ణి మన పక్కనే కూర్చోబెట్టుకుందాం."

మర్నాడు పదకొండింటికి ముందే వాళ్ళు పెరటి మెట్లమీదుగా మేడగదికి చేరారు. తలుపు చాటున పెద్దకోడలు మూతి ముడుచుకుని కూర్చుంది. మీటింగు మొదలైంది. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. లైన్ చెక్కుచెదరలేదు. "మీ పని బాగుంది, రేపట్నుంచి మీరు పర్మినెంటు" అని పై అధికారిణి అంటుండగా మెట్లమీద అడుగుల చప్పుడైంది.

స్క్రూడ్రైవరు పట్టుకుని భర్త లోపలికొచ్చాడు.

"లైన్ పోయిందిగా? నన్ను పిలవలేదేం?"

తెరమీద మాట వినబడుతూనే ఉంది. అతను తెరవైపు, తర్వాత తలుపు చాటు మనుషులవైపు చూసి మాన్పడిపోయాడు.

మీటింగు ముగిశాక మాస్టారు అందర్నీ హాల్లో కూర్చోబెట్టారు. గుమాస్తా కొట్టుగదికి వెళ్ళొచ్చాడు.

"పాత కంప్యూటర్ ఆపేసి ఉంది సార్, కానీ ఇంకా వెచ్చగానే ఉంది."

"వినండి. 'ఇల్లు' చక్కగా పనిచేస్తున్నా సరే, పైనున్న పేరు కనబడితే దానికి దూకమని చిన్నకోడలి కంప్యూటర్‌కి చెప్పి ఉంది. కొట్టుగదిలో స్విచ్చి వేస్తే 'షాపు' కనబడుతుంది. దానికి నెట్ తీగ లేదు. కంప్యూటర్ తనంతట తానే అటు దూకి మీటింగు పోగొట్టుకుంటుంది. పెద్దకోడలి దాంట్లో పాత పేరు తీసేశారు కనుక ఆవిడకి ఏమీ కాదు. మరి తీసేసినాయన, భార్య దాంట్లో ఎందుకు ఉంచినట్టు? ఆవిడ కేకెయ్యగానే కింద స్విచ్చి ఆపి పైకి వెళ్ళేవాడు. రెండు బటన్లు ఉత్తుత్తికే నొక్కేవాడు. నిన్న నేను అలా దూకకుండా ఆపేశాను. ఇవాళ లైన్ పోలేదు. అయినా పోయిందనుకున్నది మాత్రం ఒక్కరే."

"అమ్మయ్యో! కడుపుమంట బయటికి చెప్పుకున్నందుకు నేను దొంగనయ్యానన్నమాట!" అంది పెద్దకోడలు.

"నన్ను క్షమించక్కా," అంది చిన్నకోడలు. తర్వాత భర్తవైపు తిరిగింది. "నా ఉద్యోగం పోయేదండీ."

"పోనిచ్చేవాణ్ణి కాదు," అన్నాడతను తల వంచుకుని. "నా షాపు పోయింది. నీకు నా అవసరం కూడా పోయింది. ఆ సీనియర్‌తో నవ్వుతుంటే భరించలేకపోయాను. లైన్ పోయినప్పుడైనా పిలుస్తావని..."

ఆమె మేడమీదికెళ్ళి కంప్యూటర్ తెచ్చుకుంది. పాత పేరు తీసెయ్యడానికి అతను అలవాటుగా చెయ్యి చాచాడు. ఆమె కంప్యూటర్ తనవైపు లాక్కుని, తనే వెతుక్కుని 'షాపు' పేరు తీసేసింది.

"ఏమీ పాడవని రోజుల్లో కూడా పిలిచేదాన్నండీ. 'ఏం పాడైంది?' అని అడిగేవారు. ఏం లేదంటే గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయేవారు."