జల్లెడ పట్టిన సముద్రం

మధ్యాహ్నంలోపు నుస్రత్ ఆ గాజు తొట్టిలోకి పదహారోసారి తొంగిచూసింది. బురద, ఇసుక, గులకరాళ్లు, పగిలిన గవ్వలు. పైన ఉప్పునీళ్లు. అంతే!

తెలంగాణ కోసం సమ్మె మొదలై బడికి తాళం పడింది. సిద్దిపేటలో బస్సుల్లేవు. సుశీల టీచర్ రోజూ దీక్షా శిబిరంలోనే ఉంటున్నారు. కాకినాడ నుంచి తెచ్చిన తొట్టిని నుస్రత్‌కు అప్పజెప్పి, "ఇది సముద్రం అడుగు బురద. ఇందుల పురుగులు బతుకుతున్నయి. బడి తెరిచేదాక పైలంగ చూసుకో బిడ్డా" అన్నారు.

చూసుకుందామంటే ఒక్కటీ బయటికి రాదే! నుస్రత్ కాలు ఒకచోట నిలవదు. ఇంట్లోకి, వాకిట్లోకి, మళ్లీ ఇంట్లోకి.

"ఇన్ని రాళ్లుంటే ఎట్ల బతుకుతయి పాపం!" అనుకుంది.

వాళ్ల నాన్న అఫ్సర్ తాపీమేస్త్రీ. ఇసుక జల్లించనిదే గోడ ముట్టడు. నుస్రత్‌కు ఆ పని బాగా వచ్చు. నీళ్లు బకెట్‌లోకి వంపి, బురదంతా జల్లెడ పట్టింది. రాళ్లు, గవ్వలు పళ్లెంలోకి పోయాయి. మెత్తటి బురద తొట్టిలోకి చేరింది. భేషుగ్గా ఉంది!

జల్లెడలో మూడు ఎర్రటి పురుగులు మిగిలాయి. వాటిని తొట్టిలో వదిలి నీళ్లు పోసింది. అవి నిలవలేదు. అద్దం పొడవునా తిరుగుతూనే ఉన్నాయి. నుస్రత్‌కు భయం పట్టుకుంది.

అన్నానికొచ్చిన అఫ్సర్ అడిగాడు. "ఏం జేసినవ్ బేటా?"

"నీలెక్కనే జల్లించిన అబ్బాజాన్. అవేమో ఆగుతలేవు."

అఫ్సర్ పళ్లెంలోంచి ఒక గవ్వ తీశాడు. దానిమీద ఇసుక రేణువులు అతికించి కట్టిన సన్నటి గొట్టం, సగం విరిగి ఉంది.

"గిది వాటి ఇల్లు. మనం రాళ్లు ఏరి పారేసి గోడ కడతం. అవి గీ రాళ్ల మీదనే కట్టుకున్నయి."

నుస్రత్‌కు ఏడుపు ఆగలేదు. "మళ్ల కట్టుకుంటయా?"

"ఏమో బేటా. మనం అడ్డం పోకుంటే కట్టుకుంటయేమో."

రాళ్లూ గవ్వలూ ఒక్కొక్కటే బురదలో కలిపి పెట్టింది. తొట్టిమీద పాత చున్నీ కప్పింది.

మర్నాడు పొద్దున్నే శిబిరానికి పరుగెత్తింది. "టీచర్, నేనే ఖరాబు చేసిన" అంటూ అంతా చెప్పేసింది.

సుశీల టీచర్ "ఇప్పుడెట్లున్నయి?" అని అడిగారు.

"తెల్వది టీచర్. కట్టుకుంటున్నయి కావచ్చు. నిన్నటి సంది తొంగిచూడలేదు."

టీచర్ పక్కకు జరిగి చోటిచ్చారు. నుస్రత్ కూర్చుంది. కాలు ఒక్కటే ఊగుతోంది.