ఈకల్లోకి దిగిన విషం

2087 నాటికి సూరాడపేట తీరంలో ఉత్తకాళ్లతో నడవడం నేరం. మార్చిలో గల్ అనే సముద్రపు పక్షులు ఈకలు రాల్చే రోజులొచ్చాయంటే, చేతికి తొడుగు లేకుండా ఎవరూ ఇసుక మీదికి వంగరు. రాలిన ప్రతి ఈకా సీలు డబ్బాలోకి పోవాల్సిందే. అంత విషం ఉంటుంది మరి అందులో!

ఇదంతా డాక్టర్ మైలపల్లి నూకరత్నం చలవ. ఆమె ఆ ఊరి ఆడపడుచే. పన్నెండేళ్ల కిందట అక్కడ పక్షులు ఎగురుతూ ఎగురుతూనే రాలిపోయేవి. కోసి చూస్తే కాలేయం నిండా పాదరసం, కాడ్మియం, తాతల నాటి పురుగుమందులు. నూకరత్నం ఏడ్చింది, ఫ్యాక్టరీలవాళ్లని నోరారా తిట్టింది, చివరికి ‘ఈకగుళిక’ కనిపెట్టింది. చేపపొట్టులో కలిపి వేసే ఆ గుళికలో విషవాహకాలు, అంటే మాలిక్యులర్ కారియర్లు ఉంటాయి. పక్షి ఒంట్లో పేరుకున్న విషాన్ని అవి పట్టుకుని, కొత్తగా మొలిచే ఈకల్లోకి చేరవేస్తాయి. ఈకతోపాటు విషమూ రాలిపోతుంది. పక్షి హాయిగా ఎగిరిపోతుంది.

ఈ ఏడు రాలిన ఈకల్లో ఎంత విషం తేలిందో నివేదిక రాసి, సముద్రంలోకి వచ్చే ఫ్యాక్టరీ గొట్టం మూసెయ్యమని ఆమె పైకి పంపింది. వారం తిరక్కుండా అనుమతుల అధికారి శేషశాయి కాజాల పొట్లంతో ప్రయోగశాలకు వచ్చాడు.

“గొట్టం మూసేస్తున్నారాండీ?” అంది ఆశగా.

“అయ్యో, అదేం మాట మేడమ్! ఇంకోటి వేస్తున్నాం. మీ నివేదిక చూసే అనుమతిచ్చారు. ఆ అనుమతి కాగితంలో మీ పక్షుల్ని ‘శుద్ధి యంత్రాలు’ అని రాశారు కూడా. ఇంకో పదివేల పక్షులుంటే సరిపోతుందట.”

నూకరత్నానికి ఒళ్లు మండిపోయింది. “రేపట్నుంచి గుళికలు ఆపేస్తాను. అప్పుడేం చేస్తారో చూస్తా!”

“ఆపితే పక్షులు చచ్చిపోతాయి కదండీ,” అన్నాడతను నెమ్మదిగా. “మీ చేత్తో మీరు చంపుకోలేరు.”

ఆ మాట నిజం. ఆ సంగతి అతనికి కూడా తెలిసిపోయిందే అని ఆమెకు మరీ బాధ కలిగింది.

“రెండో గొట్టం ఎక్కడ వేస్తారు?”

“ఊరి రేవు పక్కనే. చేపల్లో కాస్త పాదరసం పెరుగుతుందనుకోండి. అందుకే వచ్చాను. ఈ గుళిక మనుషులక్కూడా చేసిపెట్టండి మేడమ్.”

“మనుషులకా? మనకి ఈకలేవండీ!”

“జుట్టుందిగా! మనవాళ్లు ఎలాగూ తలనీలాలు ఇస్తూనే ఉంటారు. ఏడాదికోసారి ఊరంతా గుండ్లు చేయించుకుంటే సరి. క్షవరాలు ఉచితంగా మేమే చేయిస్తాం.”

“ముందు మీరు బయటికి నడవండి!” అని అరిచింది నూకరత్నం. అతను కాజాలు బల్లమీదే వదిలేసి, నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు.

ప్రయోగశాల యంత్రం ‘మేధ’ అంతా వింటూనే ఉంది. “మానవ గుళిక ఫైలు తెరవమంటారా?” అని అడిగింది.

“నోర్ముయ్యి!”

నూకరత్నం కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. రేవులో అన్నయ్య వల దులుపుతున్నాడు. వదిన చేపలు ఏరుతోంది. వాళ్ల మూడేళ్ల మనవరాలు ఓ చిన్న చేపను తోక పట్టుకుని ఊపుతూ కిలకిల నవ్వుతోంది. గొట్టం వచ్చినా వాళ్లు తినేది ఆ చేపలే. ఇంకేం తింటారు పాపం?

చాలాసేపటికి ఆమె వెనక్కి తిరిగింది.

“ఫైలు తెరువు మేధా,” అంది. “మూడేళ్ల పిల్లకి మోతాదు ఎంతవుతుందో చూడు.”