యానాం నుంచి వచ్చిన రుచి

దొరబాబు పనసపొట్టు కూర దించి, గిన్నె తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద పెట్టాడు. నూరిన ఆవముద్ద పక్కనే సిద్ధంగా ఉన్నా కలపకుండా, చేతులు తుడుచుకుని పేపరు పట్టుకు కూర్చున్నాడు.

వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న రత్నమాణిక్యం ఇదంతా చూస్తూనే ఉంది. ఆమె కుడిచేతికి మోచేతి దాకా సిమెంటు కట్టు ఉంది.

"ఆవ కలపరేంటండీ?" అని అడిగింది.

"చల్లారాలి కదా మాణిక్యం. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది," అన్నాడు తల ఎత్తకుండానే.

మాట నిజమే. కానీ ఆ మాట ఆయన నోట రావడమే ఆమెకు వింతగా ఉంది. రామచంద్రపురం మెయిన్ రోడ్డులో మోటార్లు వైండింగ్ చేసే షాపు ఆయనది. పెళ్ళయినప్పటి నుంచీ షాపు, ఇల్లు, కంచం తప్ప నాలుగోది ఎరగడు. పాలు పొంగుతుంటే స్టవ్ ఎటు తిప్పాలో తెలియక ఆమెను కేకేసేవాడు. అలాంటి మనిషికి ఆవ సంగతి ఎవరు చెప్పారు? అడిగితే ఫోన్‌లో చూశానన్నాడు.

పెరటి మెట్ల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్న రోజు నుంచి ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. బ్యాంకు ఉద్యోగం చేసే కూతురు వచ్చి, సెలవు దొరికినన్నాళ్ళు ఉండి వెళ్ళిపోయింది. వంటమనిషిని పెట్టుకుందామంటే ఆమె ఒప్పుకోలేదు. వీధిలో ఎవరింట్లో వ్రతమైనా పులిహోర కలపడానికి పిలిచేది ఆమెనే. టీవీలో కొత్త వంట ఏది చూసినా, మన నోటికి నప్పేలా మార్చి వండి బాగుందనిపించుకునేది. తన వంటింట్లో పరాయి చేయి ఆమెకు గిట్టదు. సరే, నేనే వండుతానని దొరబాబు రంగంలోకి దిగాడు.

మొదట్లో ఆయన ప్రయోగాలు అన్నీ ఇన్నీ కావు. బీట్‌రూట్ పులిహోర, ఓట్స్ పెసరట్టు, పేరు తెలియని ఇంకేవేవో. ఆమె రెండు ముద్దలు తిని, మజ్జిగ తాగి లేచిపోయేది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఆయన చేతికి రుచి వచ్చింది. గుత్తివంకాయ కుదిరింది. తోటకూర పులుసు కుదిరింది. పైగా వీడియోల్లో చెప్పేవాళ్ళు కొలతలు చెప్తారు. ఈయన మాత్రం మెంతులు వాసన మారేదాకా వేయించాలంటున్నాడు. ఎవరో పొయ్యి పక్కన నిలబెట్టి, వాసన చూపించి నేర్పితే తప్ప అలాంటి మాట రాదు.

పక్కింటి సంపూర్ణమ్మ వచ్చి కూర్చున్నాకే ఆ అనుమానానికి ఒక దారి దొరికింది. సంపూర్ణమ్మ కూతురిది యానాం. మాటల్లో మాటగా ఆమె, "మొన్న మీవారు యానాంలో కనపడ్డారండి. చర్చి పక్క వీధిలో. చేతిలో క్యారేజీ ఉంది. పలకరిద్దామనుకునేలోపే ఒకరింట్లోకి వెళ్ళిపోయారు," అంది.

ఆ రోజు ఆయన రాగితీగ కోసం కాకినాడ వెళ్తున్నానని చెప్పి వెళ్ళాడు.

"షాపు పనేదో అయ్యుంటుందిలెండి," అని మాణిక్యం పైకి మామూలుగానే అంది. సంపూర్ణమ్మ వెళ్ళగానే, ఆ రోజు ఆయన తొడుక్కెళ్ళి దండెం మీద వేసిన చొక్కా ఎడమచేత్తో లాగి వాసన చూసింది. యానాంలో మందు చవక. ఈ చుట్టుపక్కల మగవాడు అక్కడికి వెళ్ళాడంటే ఎవరికైనా ముందు తట్టేది మందు సీసానే. కానీ చొక్కాకు మందు వాసన లేదు. తాలింపు వాసన ఉంది. ఇంగువ, వేగిన మెంతులు, కరివేపాకు. తాగుడే అయితే బాగుండునని ఆమెకు మొదటిసారి అనిపించింది.

ఆ తర్వాత ఆమె కళ్ళు ఆయన్ని వదల్లేదు. ఫోన్ మోగితే పెరట్లోకి వెళ్ళి మాట్లాడుతున్నాడు. ఒకసారి బాత్రూమ్‌కి వెళ్తున్నట్టు లేచి తలుపు చాటున నిలబడింది. "నువ్వు చెప్పినట్టే చేశాను. అడిగి మరీ వేయించుకుంది. తనకేం తెలీదులే," అంటున్నాడాయన గొంతు తగ్గించి.

మాణిక్యానికి ఇక అనుమానం లేదు, నేర్పేది ఎవరో ఆడదే. ఇన్నాళ్ళూ లొట్టలేసుకుంటూ తిన్నది దాని చేతి రుచే. కూతురికి ఫోన్ చేసి చెబితే, నాన్న మీద అనుమానమేంటమ్మా అని కొట్టిపారేసింది. ఆమె నిలదీయలేదు. నిలదీస్తే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడు. దొరికేదాకా ఓపిక పట్టాలనుకుంది.

ఆదివారం పొద్దున్నే ఆయన కొరమీను తెచ్చాడు. పచ్చి మామిడిముక్కలు, బెండకాయలు వేసి మట్టిదాకలో పులుసు పెట్టాడు. ఆమె హాల్లోనే ఉండిపోయింది. అన్నం కలిపి కంచం తెచ్చి ఒళ్ళో పెట్టి, ఎదురుగా నిలబడ్డాడు. ఎప్పుడూ లేనిది ఆయన ముఖంలో కాస్త బెదురు కనిపించింది.

ఎడమచేత్తో చెంచా ఎత్తి నోట్లో పెట్టుకుంది. ముందు పులుపు తెలిసింది, తర్వాత కారం. మింగబోతుండగా నాలుక మీదికి కొత్త ఆవకాయ ఊట ఘాటు ఎక్కింది. ఆమె కళ్ళు మూసుకుంది. తాళ్ళరేవులో పుట్టింటి వంటిల్లు, పొయ్యి ముందు పీట మీద అమ్మ.

చెంచా కంచంలో పెట్టేసింది.

"ఇందులో ఆవకాయ ఊట ఎవరు వెయ్యమన్నారండీ?"

దొరబాబు భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకోసాగాడు.

"ఇది మా అమ్మకి వచ్చు. నాకు వచ్చు. ఇంకొకత్తెకి వచ్చు. అమ్మ లేదు. నేను మీకు చెప్పలేదు."

"దుర్గ దగ్గరికే వెళ్తున్నాను," అన్నాడాయన. "విజయ్ పాల్‌కి యానాంలో ఉద్యోగం వచ్చి ఏడాది దాటింది."

పరాయి ఆడది కాదన్న నెమ్మది ఆమెకు ఒక్క ఊపిరి సేపు కూడా నిలవలేదు. అంతకన్నా ఎక్కువ మంట లేచింది.

వెంకటదుర్గ ఆమె చెల్లెలు. తోటి టీచరు విజయ్ పాల్‌ని చర్చిలో పెళ్ళి చేసుకుంది. తండ్రి గడప తొక్కనివ్వలేదు. తల్లి చాటుగా వెళ్ళి చూసొచ్చేది. ఆ తల్లి గుండెజబ్బుతో కాకినాడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు దుర్గ క్యారేజీలో ఈ పులుసే తెచ్చి నాలుగు ముద్దలు తినిపించింది. తెల్లారేసరికి తల్లి పోయింది. ఆసుపత్రి వరండాలో చుట్టాలందరి ముందూ, అమ్మను పొట్టన పెట్టుకున్నది నీ పులుసేనని మాణిక్యం అనేసింది. దుర్గ క్యారేజీ తీసుకుని మెట్లు దిగిపోయింది. అదే ఆఖరు. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళ మధ్య పలకరింపు లేదు. మాణిక్యం మళ్ళీ ఆ పులుసు వండలేదు.

"నా వంట తినలేక నువ్వు మజ్జిగతో సరిపెట్టుకుంటుంటే చూడలేకపోయాను," అన్నాడు దొరబాబు. "నీ నోటికి పట్టే చెయ్యి ఇంకెవరిది? సిగ్గు విడిచి, నా వంట క్యారేజీలో పట్టుకెళ్ళి అడిగాను. నీకు చెబితే ముద్ద ముట్టవని దాచాను."

"నన్ను చూసి నవ్వుకుందా? వండుకోలేక చేయి చాచిందని?"

"నీకు ఏది సయిస్తోందో అడిగి అడిగి నేర్పింది. ఈ పులుసు మాత్రం నేర్పనంది. ఎన్నిసార్లు అడిగినా మాట దాటేసింది. మొన్న బతిమాలితే చెప్పింది, అదీ ఏడుస్తూ. ఎందుకో నాకు చెప్పలేదు."

మాణిక్యం మనసు ఆ మాట దగ్గర ఆగిపోయింది. అన్నీ నేర్పిన మనిషి ఇదొక్కటి ఎందుకు దాచింది? ఏం పెట్టుకుంది కడుపులో?

"నేనే అడుగుతాను. పదండి," అంటూ లేచింది.

ద్రాక్షారామం మీదుగా బస్సులో వెళ్ళారు. దారి పొడుగునా ఆమె అడగాల్సినవన్నీ మనసులో పేర్చుకుంది. నా ఇంట్లోకి నా మొగుడి చేత దొంగచాటుగా రావాల్సిన అవసరమేంటి, ఇప్పుడు మళ్ళీ నా దగ్గర నీకేం కావాలి, అని.

గేటు తీసింది విజయ్ పాల్. "రండి వదినగారూ," అని పక్కకు జరిగాడు. ఆ మాటకు లోపలి నుంచి దుర్గ వచ్చింది. జుట్టు సగం నెరిసిపోయి ఉంది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. దగ్గరికి వచ్చి అక్క ముఖంలోకి చూసింది.

"పులుసు తిన్నావా అక్కా?"

"తిన్నాను."

"ఒంట్లో ఏమన్నా తేడాగా ఉందా? గుండెల్లో బరువుగా గానీ, చెమటలు గానీ?" అంటూ చేయి తిప్పి ఆమె నుదుటి మీద ఆనించింది. "నేను వద్దని చెప్పాను కదా బావగారూ."

పేర్చుకొచ్చిన మాటలన్నీ వదిలేసి, "ఎందుకే అలా అడుగుతున్నావు?" అంది మాణిక్యం.

విజయ్ పాల్ నెమ్మదిగా చెప్పాడు. "అత్తయ్యగారు పోయినప్పటి నుంచి మా ఇంట్లో చేపల పులుసు పొయ్యెక్కలేదు వదినగారూ. పిల్లలు అడిగితే హోటల్‌కి తీసుకెళ్ళేవాడిని. ఎంత చెప్పినా వినదు. ఇవాళ మీకు వండుతారని తెలిసి పొద్దున్నుంచీ లోపలికీ బయటికీ తిరుగుతోంది."

అప్పుడు తెలిసింది మాణిక్యానికి. తను కోపంలో విసిరేసి వచ్చిన మాటను చెల్లెలు నిజమని నమ్మింది. అక్కకేమైనా అవుతుందేమోనని ఈ పూటంతా బెంగపడుతూ ఉంది.

"దుర్గా," అంది. "ఆ సాయంత్రమే డాక్టరు నాకు చెప్పేశాడే. అమ్మ ఉండదని, ఏం అడిగితే అది పెట్టమని."

దుర్గ చేయి వెనక్కి తీసుకుంది. "నీకు తెలుసా? మరి నన్నెందుకన్నావు?"

"నేను పట్టిన గంజి ఉమ్మేసింది. నువ్వు తెచ్చింది అడిగి మరీ తింది. అన్నాళ్ళూ పక్కనుండి చాకిరీ చేసింది నేను. నాకు కడుపు మండిపోయింది."

దుర్గ గోడకు చేరగిలబడి అలాగే కిందికి జారి కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది. మాణిక్యం వచ్చి పక్కన కూర్చుంటే దూరం జరగలేదు, దగ్గరికీ రాలేదు. మగవాళ్ళిద్దరూ మెల్లగా వాకిట్లోకి వెళ్ళిపోయారు.

చివరికి దుర్గ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నిజంగా అడిగి తిందా అక్కా? నాకు గుర్తు లేదు. ఇన్నేళ్ళూ అమ్మ పోయిందన్నదే కళ్ళ ముందు. తిన్నది గుర్తే లేదు. ఎలా తిందో చెప్పవా?"

మాణిక్యం ఎడమచేత్తో చెల్లెలి చేయి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. "మూత తియ్యగానే నవ్విందే," అని చెప్పడం మొదలుపెట్టింది. "కళ్ళు కూడా తెరవకుండా, దుర్గ వచ్చిందా అంది."