వంతుల పెట్టె

నూకరత్నం ముందున్న పెట్టె మీద పసుపు దీపం వెలిగింది. మెట్ట మీద మరెవరో రేడియో కోసం కాచుకుని ఉన్నారని దానర్థం. ఎవరన్నది మాత్రం దీపం చెప్పదు. ధాన్యపు కొట్టువాళ్ళే అయ్యుంటారు, పొద్దున్నే వాళ్ళకు వేరే పనేముంది అనుకుని ఆమె మళ్ళీ అక్షరాలు కొట్టే పలక మీదకు వంగింది.

సముద్రం పైకొచ్చి ఊళ్ళను మింగాక మిగిలిన మెట్టలన్నీ దీవులయ్యాయి. తీగలు తెగాయి. ఉపగ్రహాలు మూగబోయాయి. మెట్టకొక హామ్ రేడియో మిగిలింది. సీతంమెట్ట మీద ఆ ఒక్క రేడియోకే నాలుగు పొట్లపెట్టెలు తగిలించారు: ఇళ్ళవాళ్ళకొకటి, పడవలవాళ్ళకొకటి, కొట్టుకొకటి, ఒడ్డునున్న ఆసుపత్రికొకటి. రాసిన మాటను చిన్న చిన్న పొట్లాలుగా కట్టి గాలిలోకి పంపడం వాటి పని. రెండు పెట్టెలు ఒకేసారి పంపితే పొట్లాలు కలగాపులగమై అవతల ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని నడుమ వంతుల పెట్టె పెట్టారు. ఒకరు పంపుతుండగా అది మిగిలిన ముగ్గురి నోళ్ళూ కట్టేస్తుంది.

మొదట్లో అది మౌనాన్ని బట్టి వంతు మార్చేది. పంపేవారు కాసేపు ఆగితే చాలు, రేడియోను ఇంకొకరికి ఇచ్చేసేది. భార్య పోయిన కబురు కూతురికి ఎలా చెప్పాలో తెలియక ఒక ముసలాయన ఆగిపోయాడు. వంతు ధాన్యపు కొట్టువాళ్ళకు మారిపోయింది. ‘మీ అమ్మ’ అన్న ముక్క ఒక్కటే ఆ కూతురికి చేరింది. ఆ తరవాత పెద్దలు కూర్చుని పెట్టెను మార్పించారు. పంపేవారు ‘అంతే’ అని కొట్టేదాకా వంతు వారిదే.

మెల్లగా ఆ మాట ఇళ్ళలోకీ వచ్చింది. ఎదుటివారు ‘అంతే’ అనకముందు నోరు తెరవడం కన్నా సిగ్గుమాలిన పని మెట్ట మీద లేకుండా పోయింది. మొగుడూ పెళ్ళాలు కూడా వంతులవారీగానే పోట్లాడుకునేవారు. నీ ‘అంతే’ వచ్చేలోగా నేనొక కునుకు తీయొచ్చునని నూకరత్నం భర్త, బతికున్నన్నాళ్ళూ, ఆమెను ఆటపట్టించేవాడు.

ఇవాళ ఇళ్ళవాళ్ళ పెట్టె ముందు కూర్చుని ఆమె మాట్లాడుతున్నది కొండవలస మెట్ట మీదున్న తోడబుట్టిన అప్ప ఎర్నమ్మతో. అక్కడ బావులు ఉప్పుబడ్డాయి. జనమంతా పడవెక్కి పడమటి కొండలకు పోతున్నారు. అంత దూరానికి ఏ రేడియో అందదు. ఎర్నమ్మ ఆఖరి పొట్లం పలక మీద ఇంకా కనిపిస్తోంది.

“పడవ కట్టు విప్పుతున్నారే చెల్లీ. చెప్పాల్సిందేదైనా ఉంటే చెప్పీ. అంతే.”

ఇప్పుడు వంతు నూకరత్నానిది. గడప దాటేవాళ్ళతో వెళ్ళిరమ్మంటారు గాని ‘అంతే’ అని ఎవరంటారు? అమ్మను సాగనంపినప్పుడు అనలేదు. భర్తను సాగనంపినప్పుడూ అనలేదు. ఆ మాట అన్నాక అప్ప లేచిపోతుంది. అననంతసేపూ అవతల పెట్టె ముందు కూర్చునే ఉంటుంది. అందుకని తోచినదల్లా పైకి గొణుక్కుంటూ కొట్టసాగింది. పడవ అంచున కూర్చోవద్దంది. తల తడిస్తే వెంటనే తుడుచుకోమంది. నీ పచ్చడి జాడీ నా దగ్గరే ఉండిపోయింది, తిరిగివ్వను, కావాలంటే వచ్చి తీసుకో అంది. ఎండలో కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోమంది. పసుపు దీపం వెలుగుతూనే ఉంది.

ఎప్పుడొచ్చాడో, ఆసుపత్రి కాంపౌండరు తవిటయ్య వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మెట్టెక్కి పరుగున వచ్చిన ఒగర్పు ఆమెకు వినబడుతూనే ఉంది. ఆమె తల తిప్పలేదు. అతను దగ్గాడు. కాళ్ళు మార్చుకున్నాడు. చివరికి తలొంచుకునే నోరు విప్పాడు.

“పిన్నీ, మాట మధ్యలో పడతన్నాను, తప్పే. సిన్నమ్మడికి బిడ్డ అడ్డం తిరిగింది. కొండవలస పడవని ఇటేపు రమ్మనాల. దారిలో పెద్దాసుపత్రి దగ్గర దించీమనాల. మా పెట్టెకి వంతే రాలేదు.”

“ఎప్పుడొచ్చినావురా?”

“నువ్వు జాడీ మాట సెప్తన్నప్పుడు.”

నూకరత్నం ‘అంతే’ అని కొట్టింది. దీపం ఆరిపోయింది. ఆసుపత్రి పొట్లం గాలిలోకి లేచింది. ఇద్దరూ పలకనే చూస్తూ నిలబడ్డారు. కొండవలసలో రేడియో విప్పడానికి ఆగిపోయిన మనిషి నుంచి జవాబు వచ్చింది.

“పడవ ఎల్లిపోనాది. అందులో రేడియో లేదు. మీ అప్ప చెల్లి మాట అవలేదని కూకుండిపోతే రెక్కలు పట్టుకుని లేపినారు. అంతే.”

పడవ ఇటు వచ్చి ఉంటే అప్పా వచ్చేది. ఆ సంగతి నూకరత్నానికి అప్పుడు గాని తట్టలేదు.

వాళ్ళు ఒడ్డుకు దిగేసరికి రాళ్ళవతల లోతునీళ్ళలో పడవ పోతూ కనబడింది. మెట్ట మీదున్నవన్నీ తెడ్ల నావలే, వాటితో దాన్ని అందుకోవడం అయ్యే పని కాదు. చిన్నమ్మడిని నులకమంచం మీద నీళ్ళ దగ్గరకు మోసుకొచ్చి ఉంచారు. జనం దుప్పట్లూ తువ్వాళ్ళూ పట్టుకుని ఊపారు. పడవలో మనుషులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. చూశారు, చూశారు అని ఎవరో అన్నారు.

అటునుంచి కూడా, వెళ్ళొస్తామన్నట్టు, తువ్వాళ్ళు లేచాయి. పైటలు లేచాయి.

నూకరత్నం మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, దుప్పటి రెండు చేతులా ఎత్తి ఊపింది. ఆగిందా పిన్నీ అని వెనక మంచం మీంచి చిన్నమ్మడు అడిగింది. నూకరత్నం ఇంకా ముందుకు నడిచి ఇంకా గట్టిగా ఊపింది.

ఇటు ఎంత గట్టిగా ఊపితే అటు అంత గట్టిగా ఊపుతున్నారు.