ఎనిడ్ పెరట్లో దిగిన విమానం

సోమవారం బట్టల రోజు. ఎనిడ్ రాగి కాగులో దుప్పట్లు ఉడికించి, పిండి, తీగ మీద ఆరేసి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. వంటింటి బల్ల మీద విమానం అమ్మకం కాగితం అలాగే ఉంది. మొగుడు మెర్విన్ సంతకం పెట్టేశాడు. ఆమె తండ్రి ఇచ్చిన, గొర్రెలు మేపే భూమి అమ్మి కొన్న విమానం కాబట్టి ఆమె కూడా పెట్టాలి. కొనేవాడు మధ్యాహ్నం రైలుకి వస్తున్నాడు.

"ఆ గుడ్డ రెక్కల పిట్ట కావాలా, నేను కావాలా" అని ఆరేళ్లు పోరింది తనే. తీరా మొగుడు కిక్కురుమనకుండా సంతకం పెట్టేసరికి ఆమెకేమీ పాలుపోలేదు. గెలిచినట్టా, ఓడినట్టా?

ఇంతలో ఇల్లదిరేలా చప్పుడు. విమానం పెరటి వెనక మైదానంలోనే దిగింది. మెర్విన్‌ని కడిగేద్దామని పరిగెత్తింది ఎనిడ్. తోలు టోపీ పీకేస్తూ కిందికి దూకింది మాత్రం పంతొమ్మిదేళ్ల కూతురు థెల్మా. వెంట ఎవరూ లేరు.

"అమ్మా, ఏమైంది నీకు?"

"నాకేమవుతుంది? మీ నాన్నేడీ?"

"షెడ్డు దగ్గర. అమ్మేసేలోపు ఒక్కసారి ఒంటరిగా నడుపుతానన్నాను. నేల మీద దుప్పటి చూసి దిగిపోయాను."

ఎనిడ్ వెనక్కి తిరిగి చూసింది. గాలికి తీగని ఎత్తి పట్టే పోటుకర్ర పడిపోయి, దుప్పట్లన్నీ గడ్డి మీద పరుచుకున్నాయి. ఆపదొస్తే నేల మీద తెల్ల దుప్పటి పరవండి, దిగి ఆసుపత్రికి చేరుస్తామని చుట్టూ వందమైళ్ల వరకు ఇంటింటికీ చెప్పింది మెర్వినే. పిల్లని కొట్టాలో కావలించుకోవాలో తెలియక నిలబడిపోయింది ఆ తల్లి.

మెర్విన్ కారు దిగి రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఒంటరిగా పంపడానికి నీకు మనసెలా ఒప్పింది?" అంది ఎనిడ్.

"చక్కగా నడుపుతుంది, ఎనిడ్. ఏడాదిగా నేర్పుతున్నా."

"నాతో చెప్పకుండానా?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోను."

"మరింకేం" అన్నాడతను. "నీ సంతకం కూడా పెట్టెయ్. దీనితో నిన్ను చాలా ఏడిపించాను."

ఎనిడ్ కళ్లు నిండిపోయాయి. ఎందుకో ఆమెకే తెలియలేదు. కూతురి వైపు తిరిగి, "దిగేటప్పుడు భయమేసిందా?" అనడిగింది.

"విమానం గురించి కాదు. నీకేమైందోనని వేసింది."

ఇన్నాళ్లూ ఎవరెవరి పెరట్లోనో మెర్విన్ ఇలాగే దిగేవాడు. అక్కడా ఒక తల్లి సాయం కోసం ఎదురుచూస్తూ ఉండేది. ఆ సంగతి ఎనిడ్‌కి ఇప్పటిదాకా తట్టలేదు. కూతుర్ని దగ్గరికి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చింది.

కాసేపటికి ముక్కు తుడుచుకుని మొగుడితో అంది: "ఆ వచ్చేవాడు పాపం దూరాన్నించి వస్తున్నాడు. కడుపునిండా భోజనం పెట్టి పంపిద్దాం. విమానం మాత్రం ఇవ్వను."